వరుసలో ఎవరు ముందు?



నేనుండేది అమెరికాలో, పెన్సిల్వేనియాలో. ఆటిజం, మేధో వైకల్యం వంటి ఎదుగుదల లోపాలున్నవారికి హాస్టళ్లలో కాక ఇంటి దగ్గరే సాయం అందించే ఏర్పాటు అక్కడుంది. మెడికెయిడ్ వెయివర్ అంటారు, చట్టం 1981లో వచ్చింది. నిధులకు పరిమితి ఉంది గనుక వరుస తప్పదు. టెక్సాస్‌లో ముందు పేరు రాయించుకున్నవారిది ముందు. పదేళ్లు దాటినా పిలుపు రానివారున్నారు. మా దగ్గర అవసరాన్ని బట్టి: సాయం 6 నెలల్లోపు కావాలా, 2 ఏళ్లలోపా, 5 ఏళ్లలోపా అని మూడు తరగతులు. 80 ఏళ్ల తల్లి 40 ఏళ్ల కొడుక్కి స్నానం చేయిస్తుంటే, నిన్ననే పేరు రాయించినా ఆమే ముందు. నాకిదే సబబనిపిస్తుంది.

కానీ ఆ తరగతి చాలావరకు ఇంటివాళ్లు చెప్పేదాన్ని బట్టే. మనవాళ్లనడిగితే "ఏదో నెట్టుకొస్తున్నామండీ" అంటారు. పరువు మరి! ఆ ఒక్కమాటతో వెనక్కి పోతారు. ఉద్యోగం కోసం రాష్ట్రం మారితే కొత్తచోట మళ్లీ చివర్నుంచే.

ఇక మన దగ్గర నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. మన బ్యాచ్‌ల ఇళ్లలో ఇలాంటి పిల్లలెందరో, వాళ్లను చూసుకునేవారి వయసెంతో మాత్రం మన సంఘం దగ్గర చిట్టా లేదు. భోజనాల దగ్గర రిజిస్టరు పెట్టాం. తల్లి వయసు, రాత్రిపూట ఎవరు చూస్తారో కూడా రాయండి. చందాల లెక్కతో దీనికి సంబంధం లేదు. ఆదివారం దాకా ఊళ్లోనే ఉంటాను, ఫారాలు నింపిపెడతాను.