గడ్డం గీస్తే పొక్కులెందుకు?



గడ్డం మీద ఉపన్యాసమేమిటని కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. కాని ఈ గడ్డం మూలంగానే అమెరికాలో నల్లజాతివారికి ఉద్యోగాలు పోయాయి. కోర్టులకెక్కవలసి వచ్చింది. అందుకే ఈ సంగతి మీ ముందు పెడుతున్నాము.

ముందు బాధ ఏమిటో చూద్దాం. నల్లజాతివారిలో చాలామందికి వెంట్రుక ఉంగరంలా మెలితిరిగి ఉంటుంది. బ్లేడుతో నున్నగా గీస్తే దాని మొన సూదిలా తేలుతుంది. అది మళ్ళీ పెరిగేటప్పుడు వంపు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ముల్లు దిగినచోట వాచినట్టే అక్కడా వాస్తుంది. దవడల మీద, మెడ మీద పొక్కులు, దురద, ఆ తర్వాత నల్లమచ్చలు. డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. వేర్వేరు పరిశీలనల్లో నల్లజాతి మగవారిలో నూటికి 45 నుంచి 83 మంది దాకా ఈ బాధ కనిపించింది. ఇది అంటురోగం కాదు, అశుభ్రత వల్ల వచ్చేదీ కాదు.

దీనికి అన్నిటికన్నా మంచి మందు గడ్డం పెంచడమే. కొన్ని వారాలు గీయకుండా ఉంటే, లోపల ఇరుక్కున్న వెంట్రుకలు పొడుగై చాలావరకు వాటంతటవే బయటికొస్తాయి.

గీసుకోక తప్పనివారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ముందుగా గోరువెచ్చని నీళ్ళతో గడ్డం బాగా నాననివ్వాలి. నురగ దండిగా పట్టించాలి. చర్మాన్ని లాగిపట్టి గీయకూడదు. వెంట్రుక పెరిగిన వైపుకే గీయాలి, ఎదురు గీయకూడదు. రెండు మూడు బ్లేళ్ళున్న రేజరు కంటే ఒంటి బ్లేడు నయం. మిషనుతో ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరించుకుంటే ఇంకా నయం. పొక్కుల్ని గిల్లడం, వెంట్రుకల్ని పట్టకారుతో పీకడం వద్దు. మచ్చలు పోతాయని దుకాణంలో అడిగి స్టెరాయిడ్ క్రీములు పూసుకోవద్దు, చర్మం పలచబడుతుంది. డాక్టరుకు చూపించండి.

ఇక కోర్టు సంగతి. నెబ్రాస్కాలో గడ్డం తీయలేదని ఒక పిజ్జా కంపెనీ నల్లజాతి ఉద్యోగిని తీసేసింది. 'గడ్డం ఉండరాదు' అన్న ఆ నియమం నల్లజాతివారికే ఎక్కువ నష్టం చేస్తోందని, వ్యాపారానికి అది అవసరమని కంపెనీ రుజువు చేయలేదని 1993లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. న్యూవార్క్ నగర పోలీసు శాఖ ఈ చర్మబాధ ఉన్నవారికి గడ్డం ఉంచుకోనిచ్చింది గాని, మతధర్మంగా పెంచుకున్న ఇద్దరు ముస్లిం పోలీసులకు కుదరదంది. వైద్య కారణానికి ఇచ్చిన వెసులుబాటు ధర్మానికి ఎందుకివ్వరని 1999లో మరో అప్పీలు కోర్టు నిలదీసి ఆ పోలీసుల పక్షాన తీర్పు చెప్పింది. చూశారా, నల్లజాతివారి చర్మానికిచ్చిన సడలింపే మన సోదరుల గడ్డానికీ అండ అయింది!

అయినా కథ ముగియలేదు. ఏడాదికి మించి వైద్యం జరిగినా గడ్డం గీసుకోలేని సిపాయిని కొలువు నుంచి తప్పించే విషయం ఆలోచించమని 2025 ఆగస్టులో అమెరికా రక్షణశాఖ అధికారులకు ఉత్తర్వు ఇచ్చింది. దేశసేవ చేస్తున్నవాడికి వెంట్రుక వంపు నేరమవుతుందా?

ఇది ఎక్కడో దూరదేశపు మాట కూడా కాదు. మన హైదరాబాదు ఏ.సి. గార్డ్స్‌లో నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం సంతతివారు, సిద్దీ సోదరులు ఉన్నారు. ఉంగరాల జుట్టున్న ఎవరికైనా ఈ బాధ రావచ్చు. కనుక మాసిన గడ్డాన్నో పొక్కుల ముఖాన్నో చూసి 'శుభ్రం లేని మనిషి' అని తీర్పు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుదాం. మన దుకాణాల్లో, ఆఫీసుల్లో ఉద్యోగమిచ్చేటప్పుడు గడ్డాన్ని కాదు, పనిని చూద్దాం.