చెయ్యి బాగైంది, పేరు బాగుపడలేదు

"నీవెవరు?" అని అడిగితే మనం పేరు చెబుతాం, ఊరు చెబుతాం, ఫలానావారి పిల్లలమని చెబుతాం. వీటిలో ఏదీ మనం ఒంటరిగా సంపాదించుకున్నది కాదు. సమాజశాస్త్రం మొదట చెప్పే మాట కూడా ఇదే. చార్లెస్ కూలీ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త 1902లో దీన్ని అద్దంతో పోల్చాడు. ఎదుటివారు మనల్ని ఎలా చూస్తున్నారని అనుకుంటామో, దాన్నిబట్టే గర్వపడతాం, లేదా సిగ్గుపడతాం.

మరి ఆ అద్దమే వంకరదైతే? దీనికి జవాబు మనం కూడుకున్న ఈ వేలూరులోనే ఉంది.

1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ ఇక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠువల్ల వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేశారు. కానీ బాగైన చేతులతో ఇళ్లకు వెళ్లినవారిలో కొందరు తిరిగొచ్చారు. వారికి పని ఇచ్చేవారు లేరు. వేళ్లు తిన్నగా కనిపిస్తున్నాయి గనుక భిక్ష కూడా దొరకలేదు. అందుకే వారికి వడ్రంగం వంటి పనులు నేర్పడానికి నవజీవ నిలయం ఏర్పడింది. తర్వాత 1955లో మొదలైన కరిగిరి కేంద్రంవారు గుడియాత్తం తాలూకా పల్లెల్లో తిరిగి, రోగులను గుర్తించి, వారి ఊళ్ల దగ్గరే మందు అందించారు.

మందు రోగాన్ని తీస్తుంది గాని, ఊరు పెట్టిన పేరును తీయదు. అర్వింగ్ గాఫ్‌మన్ 1963లో రాసిన 'స్టిగ్మా' పుస్తకం దీని గురించే. ఒక మచ్చ చూడగానే మిగతా మనిషిని చూడటం మానేస్తాం, ఆ మనిషి కూడా మన ముందు దాక్కుంటూ బతకడం నేర్చుకుంటాడు అంటాడు.

బేతనియలో యేసుకు విందు జరిగిన ఇల్లు ఎవరిది? కుష్ఠరోగియైన సీమోనుది. ఇంట్లో అతిథులు కూర్చున్నారంటే అతడు బాగుపడినవాడే అయి ఉండాలి. అయినా ఆ పేరు పోలేదు. మన దగ్గర చట్టానికీ అదే తీరు. క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టంలో కుష్ఠు ఒక కారణంగా ఉండేది. దాన్ని తొలగించింది 2019లోనే.

ఇది కుష్ఠుతో ఆగే మాట కాదు. కొత్తవారు ఆరాధనకు వస్తే మనం "మీరేమిట్లు?" అని సూటిగా అడగం. "మీదే ఊరు? ఏ సంఘం? ఇంటిపేరేమిటి?" అని అడిగి, కులం లెక్క కట్టుకుంటాం. ఆ చూపు వారికి తెలుస్తుంది. బల్ల దగ్గర ఒకటై, పెళ్లి సంబంధం దగ్గర వేరైతే, మన పిల్లలు ఏ అద్దంలో తమను చూసుకుంటున్నట్టు?

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాడు. అంతటితో పంపివేయక, యాజకునికి కనబడుమన్నాడు. ఊరు అతణ్ణి తిరిగి చేర్చుకోవాలి గదా. మొదటి పని ఆయన చేశాడు. చేర్చుకునే పని మాత్రం ఊరిదే, అంటే మనదే. వచ్చే ఆదివారం కొత్తగా వచ్చినవారి పక్కన కూర్చుందాం. పేరు అడుగుదాం, ఇంటిపేరు వద్దు.