ఒక బాలిక కోరిక



1862 జూలై 4వ తేదీన ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాల గణితోపన్యాసకుడు చార్లెస్ డాడ్జ్‌సన్, ఒక మిత్రునితో కూడి, లిడెల్‌గారి మువ్వురు బాలికలను థేమ్స్ నదిపై పడవలో విహారమునకు తీసికొనిపోయెను. వారికొక కథను అప్పటికప్పుడు కల్పించి చెప్పెను. పదేండ్ల ఆలిస్ దానిని వ్రాసి యిమ్మని కోరెను. ఆయన స్వహస్తముతో వ్రాసి, బొమ్మలు గీసి, 1864లో ఆమెకు కానుక యిచ్చెను. 1865లో, లూయిస్ కారల్ అను కలంపేరుతో, టెనియల్ చిత్రములతో అది గ్రంథమై వెలువడెను.

అంతకుముందు ఆంగ్ల బాలసాహిత్యమున చాలవరకు నీతిబోధయే ప్రధానము. ఈ కథ నీతి బోధింపదు. పైగా ప్రతి మాటలోను నీతిని వెదకు డచ్చెస్‌ను చూపి నవ్వించును.

ఆలిస్ కోరికను ఆయన పెడచెవిని బెట్టియుండినచో ఆ కథ నదిమీదనే ముగిసియుండెడిది. కచేరీనుండి అలసి వచ్చిన తండ్రిని బిడ్డ కథ చెప్పుమని అడిగినపుడు, "రేపు" అనుటకు ముందు ఈ సంగతి స్మరింపదగినది.