తొలి అయిదేండ్ల పలుకు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై పరీక్షా ఫలితములను విన్నవించుట మాకు పరిపాటి. ఈ సంవత్సరము ప్రధానోపాధ్యాయునిగా గాక, ఒక బిడ్డకు తండ్రిగా నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఇవి మేము చేసిన పొరపాటును గూర్చిన మాటలు.

మా కుమారుడు ఈ పర్లాకిమిడిలోనే పుట్టెను. వానికి ఏడాదిన్నర నిండునప్పటికి, ముందుముందు మంచి ఇంగ్లీషు బడిలో చోటు దొరకవలెనన్న ఇంట ఇంగ్లీషే వినబడవలెనని మేమును మా గృహిణియు నిశ్చయించుకొంటిమి. పగలెల్ల బడిలో తెలుగు పాఠములు చెప్పుచు, సాయంకాలము ఇంటిలో ఆ తెలుగునకే తలుపు మూసితిమి. మా తల్లిగారు మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఏదో చెప్పబోగా, “అమ్మా, వానితో తెలుగు మాటాడవద్దు” అంటిమి. ఆమె ఎదురు చెప్పలేదు. నాటినుండి మేమున్నంతసేపు వానికి అన్నము కలిపి పెట్టునప్పుడును మౌనముగానే పెట్టిరి.

బాలుడు మూడవయేట కన్ను, ముక్కు, చెవి మొదలగువాని పేర్లను ఇంగ్లీషులో గడగడ అప్పగించుచుండెను. చూడవచ్చినవారు మెచ్చిరి, మేమును పొంగితిమి. ఒకనాటి రాత్రి వాడు జ్వరముతో ఏడ్వసాగెను. ఎక్కడ నొప్పియని ఇంగ్లీషులోనే అడిగితిమి. వాడు నేర్చిన పేర్లన్నియు వరుసగా అప్పగించి, మరల ఏడ్చెను. అప్పుడు మా తల్లిగారు వచ్చి వానిని భుజముపై వేసికొని, “ఏటి నాయనా, ఎక్కడ? చీమ కుట్టినట్టున్నాదా?” అనిరి. వాడు చెవిపై చేయి వేసి, “మామ్మా, చీమ... లోపల” అనెను. మరునాడు వైద్యుడు చూచి, చెవి లోపల వాచినదని మందిచ్చెను. మేము ఇంట లేని వేళల ఆమె చెప్పిన మాటలే ఆ రాత్రి వానికి అక్కరకు వచ్చెను.

దోషము ఇంగ్లీషుది కాదు. పసివాడు రెండు మూడు భాషలను సులువుగా పట్టుకొనగలడు. మన పిల్లలు వీధిలో ఆడుచు పాడుచు ఒడియా నేర్చుకొనుచున్నారు, అది మేలే. ఇంటివారు నవ్వుటకు, మందలించుటకు, ఓదార్చుటకు వాడుకొను భాషను బిడ్డకు అందకుండ చేయుటయే దోషము. శిశువు గర్భములో నుండగనే తల్లి గొంతు వినును. ఏడాది నిండునప్పటికి తన చుట్టునున్నవారి భాషలోని ధ్వనులకు వాని చెవి అలవాటుపడును. రెండవయేట రెండేసి మాటలు కూర్చి పలుకసాగును. ఈ ఎదుగుదల అప్పగింతవలన రాదు. మాటకు మాట బదులు చెప్పువారుండుటచేత వచ్చును.

గిడుగు రామమూర్తిగారు 1880లో ఈ ఊరి రాజావారి పాఠశాలలోనే ఉపాధ్యాయులైరి. వారు సవరల భాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవర బాలురకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. వారు రచించిన సవర వ్యాకరణమును 1931లో మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను. పరుల బిడ్డలకై ఒక తెలుగు పంతులు అంత శ్రమపడిన ఊరిలో, సొంత బిడ్డకు సొంత మాటను నిరాకరించితిమే యని నేటికిని సిగ్గుపడుచున్నాము.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణమును చేర్చిరి. అది మనకు పెద్ద అండ. కాని ఆ అండ ఒకటవ తరగతి గుమ్మమునొద్ద మొదలగును. అంతకు ముందటి అయిదేండ్లకు అమ్మ, నాన్న, మామ్మ, తాతలే దిక్కు. బడి అక్షరములు నేర్పగలదు. మాటలను బిడ్డ ఇంటినుండియే తెచ్చుకొనవలెను.

కావున మా మనవి యొక్కటే. స్నానము చేయించునప్పుడు, అన్నము పెట్టునప్పుడు, నిద్రపుచ్చునప్పుడు బిడ్డతో తెలుగున మాటాడుడు. వాడు చెప్పునది తుదిదాక వినుడు. ఇంటిలోని పెద్దలను మాటాడనిండు.

మా కుమారుడు పెద్దవాడై దూరమున ఉద్యోగము చేయుచున్నాడు. ఫోనులో మాతో తెలుగుననే మాటాడును. ఆ రాత్రి తరువాత మా తల్లిగారు వానికి కథలు చెప్పుట మానలేదు. నేడామె లేరు. ఆ ఏడాదిన్నర మౌనమునకు ఆమెను క్షమాపణ వేడుకొననైతిమి. మీ ఇండ్లలో అట్టి మౌనము ప్రవేశింపకుండుగాక.