చేతికి కట్టే పట్టీ చెప్పని బి.పి.

(నిజామాబాద్‌లో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాదు. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తగా తిరిగినదాన్ని. మా పెద్దమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. చివరి మూడేళ్లు బిందె ఎత్తితే దమ్ము, నాలుగు మెట్లెక్కితే దమ్ము. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. పోయిన ప్రతిచోటా చేతికి పట్టీ కట్టి, "బి.పి. మంచిగనే ఉంది, నీరసం" అని బలం గోళీలిచ్చి పంపారు. చివరికి ఎకో పరీక్ష చేయిస్తే గుండె కుడివైపు అలిసిపోయి ఉంది. ఊపిరితిత్తుల్లో బి.పి. అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎవరం అంతకుముందు వినలేదు.

గుండె కుడిభాగం రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఆ దారిలో ఒత్తిడి తక్కువ, ఒంట్లో మిగతాచోట ఉండేదాంట్లో సుమారు ఐదోవంతు. అక్కడ సగటు 20 మిల్లీమీటర్లు దాటితే జబ్బు కింద లెక్క. చేతి పట్టీకి ఇది తెలియదు.

కారణం ఒక్కటి కాదు. చాలామందిలో మూలం గుండె ఎడమభాగంలోనో, ఊపిరితిత్తుల్లోనో ఉంటుంది. మన దగ్గర ముందు చెప్పాల్సింది పొగ. దీపం పథకం 1999లో, ఉజ్వల 2016లో వచ్చాయి. అంతకుముందు మన తల్లులు కట్టెలు, పిడకలు, చెరుకు చెత్త ఊదుకుంటూ వండారు. గ్యాసు బండ ఉన్నా, డబ్బుల్లేని నెల మళ్లీ పొయ్యే. ఏళ్ల తరబడి ఆ పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తే ఆక్సిజన్ తగ్గి, లోపలి రక్తనాళాలు బిగుసుకుపోతాయి. చాటలోని తంబాకు దుమ్ము దానికి తోడు. మగవాడు బీడీ తాగుతాడా అని డాక్టరు అడిగి రాసుకుంటాడు. మనం పొయ్యి ముందు పీల్చిందాన్ని ఎవరు అడిగారు?

బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. బూజు పట్టిన చెరుకు పిప్పి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఒకటుంది. అది ముదిరినా ఈ బి.పి. రావచ్చు. అందుకే పాత కార్మికుల దమ్మును ముసలితనం అని వదిలేయకండి.

రెండోది కీళ్లవాత జ్వరం. చిన్నప్పుడు గొంతునొప్పి, తర్వాత కీళ్ల వాపులు. "ఆడపిల్ల, అదే తగ్గుతది" అనుకుంటాం. అది గుండె కవాటాన్ని ఇరుకు చేస్తే రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. చాలాసార్లు కడుపుతో ఉన్నప్పుడే బయటపడుతుంది. మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షన్‌తో జ్వరం తిరగబెట్టకుండా ఆపవచ్చు. ఇరుకైన కవాటాన్ని చాలామందికి బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు.

కాన్పు తర్వాత కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం, హెచ్.ఐ.వి., కాలేయ జబ్బు, వంశపారంపర్యం కూడా కారణాలే. సన్నబడే మాత్రలూ ఉన్నాయి. అమెరికాలో ఫెన్‌ఫ్లురమిన్‌ను 1997లో మార్కెట్ నుంచి తీసేశారు. ఏ కారణమూ దొరకని రకం ఆడవాళ్లలోనే ఎక్కువ.

ఈ జబ్బు తీవ్రంగా ఉంటే గర్భం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ సంగతి అత్తకో భర్తకో కాదు, ముందు ఆమెకు చెప్పాలి. నిర్ణయం ఆమెది. పిల్లలు వద్దనుకుంటే మళ్లీ ఆమెనే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు. ఆమెకు మత్తు ఇవ్వడమే ప్రమాదం. కుట్టు లేని వేసెక్టమీ భర్తకు కొద్ది నిమిషాల పని. ఒక ఊళ్లో ఈ మాట అంటే మగవాళ్లు లేచి వెళ్లిపోయారు.

మీలో ఆయాసం, కాళ్ల వాపు, నడుస్తూ కళ్లు తిరగడం ఉన్నవాళ్లు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. ఎకోకు చీటీ రాయమని డాక్టర్ని ఎట్లా అడగాలో మాట్లాడుకుందాం.