పాస్కల్ సూత్రం, మా అంబాసిడర్ బ్రేకులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"పరిశ్రమల్లో నా ముప్పై ఏళ్ళు" అని మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. అంత పెద్ద సంగతి పది నిమిషాల్లో చెప్పడం నా వల్ల కాదు. ఒక పాత కారు బ్రేకుల గురించి చెబుతాను.

ఎనిమిదో తరగతిలో మన సైన్సు మాస్టారు రెండు గాజు సిరంజిల మధ్య సెలైన్ గొట్టం తగిలించి పాస్కల్ సూత్రం చూపించారు. చిన్న సిరంజి నొక్కితే పెద్దది పుస్తకాల కట్టను లేపింది. కారు బ్రేకూ అంతే. పెడల్ మీద కాలి బలం మాస్టర్ సిలిండర్‌లో ఒత్తిడిగా మారి, పైపుల్లోని ద్రవం ద్వారా చక్రాల దగ్గరి సిలిండర్లకు చేరుతుంది. మా నాన్నగారి అంబాసిడర్ 1972 నాటి మార్క్-2. నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే సర్క్యూట్. ఎక్కడ ఒక్క రబ్బరు కప్పు తెగినా నాలుగు బ్రేకులూ పోతాయి. ఇక మిగిలేది హ్యాండ్‌బ్రేకే.

నాన్నగారు పోయాక పదేళ్ళు షెడ్డులో ఉండిపోయిన ఆ కారును రెండేళ్ళ కిందట తీశాను. మాస్టర్ సిలిండర్ విప్పితే బోరు నిండా తుప్పు గుంటలు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరే పోత ఇనుమును తినేస్తుంది. రాణిగంజ్‌లో తిరిగితే కొత్తది దొరికింది గానీ, వేలు పెట్టి చూస్తే లోపల గరుకు. వద్దనుకున్నాను.

జీడిమెట్లలో మందుల కంపెనీలకు స్టీలు పైపుల పని చేసే చిన్న షెడ్డు ఒకటుంది. అక్కడి లేత్ మేస్త్రీ పాత బోరును పెద్దది చేసి, స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్ బిగించి, మళ్ళీ పాత కొలతకు హోనింగ్ చేశాడు. ఇవి అంగుళాల కాలపు బండ్లు. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. 19కి సరిపెడదామంటే ఒప్పుకోలేదు. పెడల్ వదిలినప్పుడు ద్రవం వెనక్కి పోవడానికి సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. స్లీవ్‌లో అది మళ్ళీ వేసి, లోపలి అంచున కప్పును కోసే రజను లేకుండా భూతద్దంతో చూసి మరీ తీశాడు. "ఇనుము నేను చూసుకున్న సార్, రబ్బరు మీరు చూసుకోండ్రి" అన్నాడు.

నేను చూసుకోలేదు. భాగాలన్నీ కిరోసిన్‌తో కడిగి బిగించేశాను. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్. బ్రేకు రబ్బరుకు కిరోసిన్, ఇంజన్ ఆయిల్, గ్రీజు తగిలితే ఉబ్బుతుంది. ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ మాట గుర్తు రాలేదు.

రెండో వారం అమ్మను ఎక్కించుకుని జీడిమెట్ల నుంచి బాలానగర్ వైపు వస్తున్నాను. "ఏందిరా, మాడిన వాసనొస్తంది" అంది అమ్మ. పెడల్ రాయిలా బిగిసింది, బండి ముందుకు పోనంటోంది. పక్కకు లాగి దిగితే చక్రాల డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టలేని వేడి. కప్పు ఉబ్బి ఆ సూదిమొన రంధ్రాన్ని మూసేసింది. వేడికి వ్యాకోచించిన ద్రవానికి వెనక్కి దారి లేదు. బ్లీడర్ నిపుల్ వదులు చేయగానే ద్రవం చిమ్మింది, చక్రాలు వదిలాయి. వెనకనే లారీలు వస్తున్నాయి. ఆ రోజు అమ్మకు ఏమీ చెప్పలేదు. ఇప్పుడు మొదటి వరుసలో కూర్చుని వింటోంది.

ఆ తరువాత కప్పులు, హోసులు అన్నీ పారేసి, పైపుల్ని స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాను. కొత్త కప్పులు కొనేటప్పుడు రబ్బరు పేరు అడిగాను. చాలా ఆయిల్ సీళ్ళు నైట్రైల్ రబ్బరువి. ఇంజన్ నూనెకు అదే మంచిది, బ్రేక్ ద్రవానికి పనికిరాదు. దీనికి ఇ.పి.డి.ఎం. కావాలి. ద్రవం డాట్-3 పోశాను. సీసా విప్పినప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మారుస్తాను.

ఈ రోజు మాస్టారిని ఆ కారులోనే తీసుకొచ్చాను. ఈ కథంతా చెబితే, ఎక్కే ముందు ఆయన పెడల్ నొక్కి పట్టుకోమన్నారు, తన గడియారంలో పూర్తిగా ఒక నిమిషం. పెడల్ జారలేదు. అయినా వంగి, వెనక చక్రం లోపలి వైపు చేత్తో తడిమి చూసుకున్నాకే ఎక్కారు.