అట్టతో కట్టిన ట్యాంకు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



సభామందిరపు ద్వారము చెంత మేము ప్రదర్శించిన వస్తువులలో అట్టతో చేసిన చిన్న యుద్ధ ట్యాంకు నొకదానిని మీరందరును చూచియుందురు. కొందరు చూచి ముచ్చటపడిరి. కొందరు "యుద్ధపు బొమ్మతో బడికేమి పని?" అని మమ్ము నడిగిరి. ఒక తల్లి "దీనివలన పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చునయ్యా?" అని సూటిగనే ప్రశ్నించిరి. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుట మా విధి. ఆ సమాధానములో మా తప్పొకటి కూడ కలదు. దానిని దాచక చెప్పెదము.

ట్యాంకు అనగానే మన రాజపాళయపు పిల్లలకు మిద్దెమీది నీళ్ల తొట్టి తోచును. మొదటి దినమున తరగతిలో ఆ మాట చెప్పగానే అందరును నవ్విరి. కాని ఆ నవ్వులోనే చరిత్ర కలదు. 1915లో ఇంగ్లండునందలి లింకన్ పట్టణమున ఈ యంత్రమును రహస్యముగ నిర్మించుచు, సంగతి బయటికి పొక్కకుండ, అవి నీళ్లు మోయు తొట్లని చెప్పుకొనిరి. ఆ మారుపేరే స్థిరపడినది. 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సునందలి సోమ్ రణరంగమున ట్యాంకు మొట్టమొదట యుద్ధమున దిగినది. అంతకు రెండు మాసములకు ముందు, జూలై 14వ తేదీన, ఆ రంగమునందే హైవుడ్ అను అడవి యొద్ద డెక్కన్ హార్స్ దళమువారు ఈటెలు పట్టి గుఱ్ఱములపై శత్రువు మీదికి దూకిరి. ఆ దళము నిజాము రాజ్యపు హైదరాబాదు కంటింజెంటునుండి పుట్టినది. ఈటెల కాలము, ఇనుప యంత్రముల కాలము ఒక్కచోటనే కలిసినవి. ఆ దళమే 1945లో బర్మాలో షెర్మన్ ట్యాంకులతో పోరాడినది. పాఠ్యపుస్తకములో రెండు పంక్తులుగ నున్న ప్రపంచయుద్ధము పిల్లలకు ఇట్లు దగ్గరైనది.

ఇక ఏ ట్యాంకు చేయవలెనను ప్రశ్న వచ్చినది. మన రాష్ట్రమునందే, ఆవడి కర్మాగారమున తయారైన విజయంతను ఎన్నుకొంటిమి. దాని నమూనాను ఇంగ్లండునందలి వికర్స్ సంస్థ రూపొందించినది. ఆవడిలో తయారైన తొలి ట్యాంకు 1965 డిసెంబరులో బయటికి వచ్చినది. ఆ పిమ్మట సుమారు ఇరువది యేండ్లలో రెండువేలకు పైగా తయారైనవి. ఇప్పుడవి సేనలో లేవు. అనేక పట్టణములలో స్మారకచిహ్నములుగ నిలిచియున్నవి.

కొనితెచ్చిన పెట్టెలోని ముక్కలను అతికించుట మా యుద్దేశము కాదు. పాత నోటుపుస్తకముల అట్టలు, ఐసుపుల్లలు, సైకిలు ట్యూబు, బంక, ఇవియే మా సామగ్రి. నమూనాలు చేయువారిలో 35కు ఒకటి అను కొలత ప్రసిద్ధము. 1960ల తొలినాళ్లలో జపానునందలి టామియా కంపెనీవారు తమ బొమ్మ ట్యాంకులో మోటారును, బ్యాటరీలను ఇముడ్చుటకై ఆ పరిమాణమును ఎంచుకొనగా, అదియే లోకమంతట వాడుకలోనికి వచ్చినది. మేమును దానినే గైకొంటిమి.

ఫిరంగితో కలిపి విజయంత పొడవు సుమారు 9.8 మీటర్లు. దానిని 35తో భాగించగా 28 సెంటీమీటర్లు వచ్చినది. వెడల్పు సుమారు 3.17 మీటర్లు, నమూనాలో 9 సెంటీమీటర్లు. ఒక బాలిక 28 సెంటీమీటర్లను ఫిరంగి పొడవే అనుకొని అంత గొట్టమును చేసినది. బండికంటె ఫిరంగి పెద్దదైనది! అందరును నవ్వుచుండగా ఆ పిల్ల కన్నీరు పెట్టుకొనలేదు. మరల లెక్క వేసినది. ఫిరంగి గొట్టపు లోవ్యాసము 105 మిల్లీమీటర్లు. గొట్టపు పొడవు దానికి 52 రెట్లు, అనగా 5.46 మీటర్లు. 35తో భాగించగా 15.6 సెంటీమీటర్లు. ఆ లెక్కను నల్లబల్లపై వ్రాసి, తన గొట్టమును తానే కోసినది. నిష్పత్తి అను పాఠమును మేము ఇరువది యేండ్లుగ చెప్పుచున్నాము. అది ఇంత బాగుగ ఒక పిల్లకు పట్టుట మేమెన్నడును చూడలేదు. మార్కుల సంగతి అడిగిన తల్లికి ఇదియే మా మొదటి సమాధానము.

చక్రములు ప్రక్కకు ఆరేసి, మొత్తము పండ్రెండు. వృత్తలేఖినితో గీచి, మూడేసి అట్టలను అతికించి చేసిరి. పైనున్న తిరుగు బురుజు మూడుమార్లు చెడి నాలవమారు కుదిరినది. గొలుసు పట్టాలకు సైకిలు ట్యూబు ఉపయోగపడినది. మన పొరుగున చత్రపట్టిలో నేయు కట్టుగుడ్డను టీ డికాషనులో నానబెట్టి, ఆకుపచ్చ రంగు అద్ది, శత్రువు కంటబడకుండ ట్యాంకుపై కప్పు వలగ మలచిరి. గాయములు కట్టుటకై మన ఊరి మగ్గములు నేయు గుడ్డ అది. "యుద్ధము జరిగిన చోటికి ఈ గుడ్డ నిజముగనే పోవును గదా అయ్యా!" అని ఒక బాలుడు పలికెను. యుద్ధపు బొమ్మ ఏల అని అడిగినవారికి ఆ బాలుని మాటయే సమాధానముగ చెప్పుచున్నాము.

రంగు వేయుటలో ఓర్పు కావలెను. మొదట బూడిదరంగు పూత, అది ఆరిన పిదప ఆలివ్ పచ్చ. చిన్న వస్తువుపై అసలు రంగు మిక్కిలి ముదురుగ కనబడును గనుక కొంచెము తెలుపు కలిపితిమి. తరువాత నీళ్లవలె పలుచనైన నల్లరంగును సందులలోనికి పోనిచ్చినచో నీడలు ఏర్పడును. కుంచెను దాదాపు పొడిగ తుడిచి, లేతరంగుతో అంచులను తాకించినచో ఇనుము అరిగినట్లు తోచును. తొందరపడి తడిపూతపై పూత వేసిన దినమున అంతయు చెడి, గీకి మరల మొదలిడవలసి వచ్చినది.

ఇక మా తప్పు. ప్రదర్శనమునకు మూడు దినములకు ముందు, ట్యాంకు క్రింది పలకపై "అసల్ ఉత్తర్ విజయము, 1965" అని వ్రాయుడని మేమే చెప్పితిమి. పిల్లలు చక్కని అక్షరములతో వ్రాసిరి. మరునాటి ఉదయము ఎనిమిదవ తరగతి బాలుడొకడు మా గదికి వచ్చి, తలవంచుకొని, "అయ్యా, మా తాత ఇది తప్పంటున్నాడు" అనెను. ఆ తాత 1970లలో సేనలో ట్యాంకుల మెకానిక్కుగ పనిచేసినవాడు. మాకు మొదట కోపమే వచ్చినది. అయినను పుస్తకములు తెరచి చూచితిమి. పెద్దాయన మాటయే నిజము. అసల్ ఉత్తర్ యుద్ధము 1965 సెప్టెంబరు 8 మొదలు 10 వరకు జరిగినది. ఆవడి తొలి విజయంత వచ్చినది డిసెంబరులో. పంజాబునందలి ఆ చెరకుతోటలలో, నీరు నింపిన పొలములలో పాటన్ ట్యాంకుల నెదిరించినవి సెంచూరియన్లు, షెర్మన్లు. ఆ షెర్మన్లలో మన డెక్కన్ హార్స్ వారివి కూడ కలవు. విజయంత యుద్ధమునకు వెళ్లినది 1971లో.

"అయ్యవారు చెప్పినారు, ఇక ఊరకుండుము" అని ఆ బాలునితో ఎవరైన అనియుండవచ్చును. అట్లు ఎవరును అనలేదు. మేము తరగతికి వెళ్లి, తప్పు మాదని అందరి యెదుట ఒప్పుకొని, పలకను గీకించితిమి. కొత్త పలకపై "విజయంత, ఆవడి, 1965 డిసెంబరు" అని కలదు.

పెద్దాయనను బడికి పిలిచితిమి. సిపాయిలు ఎక్కిదిగు చోట బూట్లు తగిలి రంగు అరుగుననియు, బురద చక్రములవద్ద మందముగ, పైకి పోనుపోను పలుచగ ఉండుననియు ఆయన చెప్పగా, పిల్లలు అట్లే దిద్దిరి. ఆయన ఇంట మాటలాడునది తెలుగు. బడిలో చదివినది తమిళము మాత్రమే గనుక తెలుగు అక్షరము చదువలేరు. ఆయన చెప్పినదంతయు మనుమడు తెలుగులో వ్రాసినాడు. అది నాలుగు పుటలైనది. వ్రాసినదానిని చదివి వినిపించగా పెద్దాయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట "నా మాట ఇట్లా ఉంటుందా!" అనిరి.

తల్లిదండ్రులారా! 2006 నాటి చట్టము తమిళమును మన రాష్ట్రపు బడులలో తప్పనిసరి పాఠ్యముగ చేసినది. తమిళము మన పిల్లలకు కావలెను, ఇంగ్లీషును కావలెను. అందులో మాకు సందేహము లేదు. తెలుగెందుకని మీలో కొందరు మమ్మడుగుచున్నారు. మేము వాదింపము. ఆ నాలుగు పుటలను ట్యాంకు ప్రక్కనే ఉంచినాము, పోవునప్పుడు చదువుడు. చదువ రానివారు మీ పిల్లలచేత చదివించుకొనుడు.

మేము కోరునది ఒక్కటియే. మీ ఇండ్లలో మిల్లు పనియో, మగ్గము పనియో, సేద్యమో, సిపాయి కొలువో ఎరిగిన పెద్దలు కలరు. వచ్చు సంవత్సరము మన పిల్లలు పాతకాలపు నూలు మిల్లు నమూనాను కట్టదలచినారు. కొలతలు, రంగులు, యంత్రముల పేర్లు మాకు తెలియవు. తెలిసిన పెద్దలను బడికి పంపుడు. మేము తప్పు చెప్పినచో దిద్దుడు. పలకను మరల గీకుటకు మేము సిద్ధముగ నున్నాము.